మిస్చిఫ్ అంటే ఉత్త అల్లరేనా? ఒక ఇంగ్లీషు మాట వెనక కథ

పుట్టపర్తి నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఇంగ్లీషు మాట తీసుకుందాం. మాట చిన్నదే గానీ దాని కథ ఏడు వందల ఏళ్లది. ఆ మాట 'మిస్చిఫ్'.

దీని అర్థం ఏంటని ఎవరినైనా అడగండి. అల్లరి, చిలిపి పని, కొంటెతనం అంటారు. ఫోన్‌లో డిక్షనరీ తీసినా ముందు ఇవే కనిపిస్తాయి. మన వైపు అయితే ఇంకా సులువు, 'సేష్టలు' అంటాం. "ఏంరా, సేష్టలు ఎక్కువైనాయే నీకి" అని అవ్వ తిడుతుంది చూడండి, అదే మిస్చిఫ్. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

తెలియని సంగతి ఇంకొకటుంది. ఇదే మాట మన దేశంలో ఒక నేరం పేరు. శిక్షాస్మృతిలో దీనికి సెక్షన్ ఉంది, జైలు శిక్ష కూడా ఉంది. పిల్లోడి అల్లరికీ జైలుకు పంపే నేరానికీ ఒకే పేరు ఎట్లా వచ్చింది? ఈరోజు అదే చూద్దాం. రీల్స్ తీసేవాళ్లు, ప్రాంక్ వీడియోలు చేసేవాళ్లు చివరిదాకా ఉండండి. ఇది మీకు బాగా పనికొస్తుంది.

ముందు పలకడం

'మిస్-చిఫ్'. మొదటి ముక్క మీద బరువు, రెండో ముక్క పొట్టిగా. మనలో చాలామంది పోలీస్ చీఫ్ అన్నట్టు 'మిస్ చీఫ్' అని సాగదీస్తారు. అలా సాగదీయక్కర్లేదు.

దీని నుంచి వచ్చిన ఇంకో మాట 'మిస్చివస్', అంటే అల్లరి చేసే స్వభావం ఉన్న అని. దీన్ని 'మిస్చీవియస్' అని పలికేవాళ్లు మన దగ్గరే కాదు, ఇంగ్లండులో, అమెరికాలో కూడా ఉన్నారు. స్పెల్లింగ్ చూస్తే ఆ అదనపు 'ఇయ' అక్కడ లేదు. మూడు ముక్కలే: మిస్-చి-వస్. ఇంటర్వ్యూలో ఇంత చిన్న తేడా కూడా వినబడుతుంది, గుర్తుపెట్టుకోండి.

మాట ఎక్కడిది?

1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండును గెలిచారు. ఆ తర్వాత చాలా కాలం అక్కడ రాజుల ఇళ్లలోనూ కోర్టుల్లోనూ ఫ్రెంచి మాటలే చెల్లాయి. మన దగ్గర వకీలు, దావా, ఫిర్యాదు, జప్తు లాంటి మాటలు పాలకుల భాషల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిపోయాయి కదా. అక్కడ జరిగిందీ అదే. అట్లా ఇంగ్లీషులోకి చేరిన మాటల్లో పాత ఫ్రెంచి 'మెస్చీఫ్' ఒకటి. 1300 ప్రాంతానికే ఇది ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తుంది.

ఇందులో రెండు ముక్కలున్నాయి. 'మెస్' అంటే చెడుగా. 'చీఫ్' అంటే తల, లేదా ఒక పని ముగిసే చివర. ఈ రెండోదానికి మూలం లాటిన్‌లో తల అనే అర్థమున్న 'కాపుట్'. ఒక పని చెడ్డగా ముగిసింది, చెడ్డ చివరకు చేరింది అనేది ఈ మాట అసలు అర్థం.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఫ్రెంచి రావాల్సిన పనిలేదు. తెలుగులోనూ తలతోనే ఇట్లాంటి మాటలు ఉన్నాయి. పని మొదలుపెట్టాలనుకుంటే 'తలపెట్టాడు' అంటాం. అది చెడిపోతే 'తలకిందులైంది' అంటాం. మిస్చిఫ్ అంటే తలకిందులైన పని. అంతే.

ఇంకో తమాషా చూడండి. ఇంగ్లీషులో సాధించడాన్ని 'అచీవ్' అంటారు. అది కూడా ఈ తల కుటుంబంలోదే. పనిని మంచి చివరకు చేర్చితే అచీవ్, చెడ్డ చివరకు చేర్చితే మిస్చిఫ్. వరసకు అక్కాచెల్లెళ్లు అన్నమాట. చీఫ్ మినిస్టర్‌లోని 'చీఫ్', హోటల్లో వంట చేసే 'షెఫ్', క్రికెట్ టీము 'క్యాప్టెన్', రాజధానికి వాడే 'క్యాపిటల్', అన్నీ అదే 'కాపుట్' సంతానం. ఒక్క తలను పట్టుకుంటే ఇన్ని మాటలు బయటికొచ్చాయి.

విపత్తు నుంచి చిలిపితనం దాకా

మొదట్లో ఈ మాటలో నవ్వు లేదు. మిస్చిఫ్ అంటే కష్టం, దురదృష్టం, లేమి, కీడు. ఇల్లు కాలిపోతే మిస్చిఫ్. పంట పోతే మిస్చిఫ్. తర్వాత నెమ్మదిగా ఒక మనిషి ఇంకో మనిషికి కావాలని చేసే కీడును ఈ మాట సూచించింది. ఆ తర్వాత ఆ కీడు సైజు తగ్గుతూ వచ్చింది. 17, 18 శతాబ్దాలు వచ్చేసరికి పిల్లలు చేసే చిన్న చిన్న తుంటరి పనులకు ఈ కుటుంబం మాటలు వాడడం మొదలైంది. ఇవాళ మిస్చివస్ అనగానే మనకు కనిపించేది కళ్లల్లో మెరుపుతో నవ్వుతున్న ఒక చంటోడి మొహం.

అంటే, ఊరికి వచ్చే ఆపద లాంటి పెద్ద మాట అరిగి అరిగి పిల్లోడి చేతిలో బొమ్మ అంత అయింది. భాషలో ఇట్లా జరగడం మామూలే. అయితే మాట అరిగిందని పని కూడా అరగదు. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే.

మన 'అల్లరి' సంగతి?

ఇంగ్లీషువాళ్లను చూసి నవ్వక్కర్లేదు. మన 'అల్లరి' కూడా అదే కథ. "పిల్లోడు బలే అల్లరి" అంటే ముద్దు. అల్లరి నరేష్ అంటే నవ్వు. 2002లో వచ్చిన 'అల్లరి' సినిమాతోనే ఆయనకు ఆ పేరు అతుక్కుంది. ఇప్పుడు అదే మాటను బహువచనంలో పెట్టి చూడండి. 'అల్లర్లు'. పేపర్లో "నగరంలో అల్లర్లు" అని హెడ్డింగ్ వస్తే ఎవరైనా నవ్వుతారా? కర్ఫ్యూ, కాలిన బస్సులు, మూసేసిన అంగళ్లు గుర్తొస్తాయి. 'అల్లరి మూక' అంటే భయం. 'అల్లరిపాలైంది' అంటే ఒక కుటుంబం పరువు వీధిన పడింది అని. మాట ఒకటే. ఒక చివర ముద్దు, ఇంకో చివర మంట.

'చిలిపి', 'కొంటె' మాత్రం మెత్తగానే ఉండిపోయాయి. కృష్ణుడు వెన్న దొంగిలిస్తే చిలిపి. 'ఆకతాయి' అనే మాట దగ్గరికి వస్తే జాగ్రత్తగా ఉండాలి. కాలేజీకి పోయే అమ్మాయిలను దారిలో వేధించేవాళ్లను కూడా ఆకతాయిలు అని రాసేస్తారు. ఆ మాట వినగానే ఏదో కుర్రతనంలే అనిపిస్తుంది. రోజూ ఆ దారిన నడవాల్సిన అమ్మాయికి అది కుర్రతనంగా ఉండదు. వెంటపడి వేధించడాన్ని 2013లో చట్టం మార్చి విడిగా నేరంగానే రాశారు.

'ర్యాగింగ్' అనే మాటనే తీసుకోండి. ఇంగ్లీషులో 'ర్యాగ్' అంటే ఆట పట్టించడం, గోల చేయడం. బ్రిటన్ కాలేజీల్లో విద్యార్థుల సరదాకు అది పేరు. ఆ సరదా మాట కిందే ఇక్కడ ఎంతమంది ఫ్రెషర్లు ఏడ్చారో లెక్కలేదు. చివరికి 1997లో ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టమే తేవాల్సి వచ్చింది. ఆటపట్టించి అవమానించినా ఆ చట్టం కింద ఆరు నెలల దాకా జైలు ఉంటుంది. దెబ్బ, గాయం, ప్రాణం అని పోయేకొద్దీ శిక్ష పెరిగి పదేళ్ల దాకా పోతుంది.

చట్టంలో అరగని మాట

ఇప్పుడు మొదట చెప్పిన నేరం దగ్గరికి వద్దాం. బ్రిటిష్ వాళ్లు 1860లో ఇండియన్ పీనల్ కోడ్ చేశారు. అందులో 425వ సెక్షన్ పేరు 'మిస్చిఫ్'. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ఇది 324వ సెక్షన్. బయట మాట ఎంత మెత్తబడినా చట్టంలో మాత్రం దానికి పాత గట్టి అర్థమే ఉండిపోయింది.

ఆ అర్థాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది. ఎదుటివాళ్లకు గానీ జనానికి గానీ నష్టం చేయాలని, లేదా నష్టం జరుగుతుందని తెలిసీ, ఒక ఆస్తిని పాడుచేయడం లేదా దాని విలువ, ఉపయోగం తగ్గేలా చేయడం. ఇక్కడ 'తెలిసీ' అనే ముక్కను గట్టిగా పట్టుకోండి. "నష్టం చేయాలని కాదు సార్, జోక్ చేశా" అన్నంత మాత్రాన సరిపోదు. నష్టం జరుగుతుందని నీకు తెలిస్తే చాలు.

మామూలు కేసులో ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో ఇది మూడు నెలలే ఉండేది. నష్టం 20,000 రూపాయల నుంచి లక్షలోపు ఉంటే రెండేళ్ల దాకా. లక్ష, ఆపైన అయితే ఐదేళ్ల దాకా.

చట్టం ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి మన ఊరి పంచాయితీలా ఉంటుంది. పంట నాశనం కావాలని ఒకడు పశువులను పక్కవాడి చేనులోకి తోలడం. శెనక్కాయ చేనులోకి గొడ్లు పడితే ఏం మిగులుతుందో అనంతపురం వైపు పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మరి నిజమైన పిల్లల సంగతి? చట్టం వాళ్లను వేరుగానే చూస్తుంది. ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా అది నేరమే కాదు. ఏడు నుంచి పన్నెండు మధ్య అయితే, తాను చేసేది అర్థమయ్యే బుద్ధి ఆ పిల్లకు వచ్చిందా లేదా అని చూస్తారు. అవ్వ కూడా ఇదే చూస్తుంది. మూడేళ్లోడు చెంబు పారేస్తే నవ్వుతుంది, పదహారేళ్లోడు పారేస్తే చీపురు తీస్తుంది.

కరువు సీమలో నీళ్లతో ఆటలొద్దు

ఇది మనకు ఇంకెవరికన్నా ఎక్కువ తగిలే చోటు. పుట్టపర్తి చిత్రావతి ఒడ్డున ఉంది. నది పేరు అందంగా ఉంది గానీ ఏడాదిలో చాలాకాలం ఇసకే కనిపిస్తుంది. ఈ ప్రాంతానికి ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందుకే బుక్కపట్నం చెరువు లాంటి పెద్ద చెరువుల్లో నీళ్లు చేరితే జనం పండగలా చూడ్డానికి పోతారు.

ఇట్లాంటి చోట ఇద్దరు పిల్లోళ్లు రీల్ కోసం ఒక చీనీ తోటలో డ్రిప్ పైపు పీకి, షవర్ లాగా నీళ్లు ఎగజిమ్ముతూ డ్యాన్స్ చేశారనుకుందాం. వీడియో ముప్పై సెకన్లు. పైపు తిరిగి పెట్టకుండా వచ్చేశారు. ఆ రాత్రి కరెంటు వచ్చినంతసేపూ నీళ్లు ఒకే చోట పోయాయి. మిగతా చెట్లకు తడి లేదు. చీనీ చెట్టు కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. బోరు వేయడానికి చేసిన అప్పు ఇంకా తీరని రైతుకు ఆ ముప్పై సెకన్లు ఏంటి? 1300 నాటి మిస్చిఫ్. ఆపద.

చట్టం దీన్ని కూడా ఊరికే వదల్లేదు. వ్యవసాయానికి గానీ మనుషులు, పశువులు తాగడానికి గానీ అందే నీళ్లు తగ్గిపోయేలా చేస్తే అది మామూలు మిస్చిఫ్ కంటే పెద్ద నేరం. న్యాయ సంహిత 326వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. పాత చట్టంలో ఇదే 430వ సెక్షన్. చెరువు తూముతో ఆడుకున్నా, తాగునీటి పైపు పగలగొట్టినా దీని కిందికే వచ్చే ప్రమాదం ఉంది.

చేతితో ఏదీ ముట్టుకోకుండా ఫోన్‌తోనే చేసే అల్లరి ఒకటుంది. వాన గట్టిగా పడిన రాత్రి "చెరువు కట్ట తెగింది" అని సరదాకు గ్రూపులో పెట్టడం. ముసలాళ్లను, చంటిపిల్లలను ఎత్తుకుని జనం చీకట్లో పరుగెడతారు. విపత్తు గురించి అబద్ధపు హెచ్చరిక పుట్టించి గానీ తిప్పి గానీ జనాన్ని భయపెడితే, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. పుట్టించినవాడికే కాదు, తిప్పినవాడికి కూడా.

మరి నవ్వడమే మానేయాలా?

అట్లా కాదు. నవ్వులేని ఊరు ఊరే కాదు. అల్లరిని ఎట్లా చేయాలో నేర్పిన గురువులు మన జిల్లాలోనే ఉన్నారు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఒక ఊరు. తోలుబొమ్మలాటకు పేరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ ఆటలో రాముడు, రావణుడు, హనుమంతుడు ఉంటారు. కథ రాత్రంతా నడుస్తుంది. నడుమ నడుమ తెర మీదికి దూకే ముగ్గురున్నారు: జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు. కథకూ వీళ్లకూ సంబంధం ఉండదు. పోట్లాడుకుంటారు, ఎకసెక్కాలు ఆడతారు, పచ్చి మాటలు కూడా అనేస్తారు, ఊళ్లో సంగతుల మీద చురకలు వేస్తారు. నిద్రకు తూగుతున్న జనం ఒక్కసారిగా లేచి కూర్చుంటారు.

ఆ అల్లరిలో ఉన్న పనితనం గమనించండి. తెర మీద దెబ్బలు తినేది బొమ్మ. ఎక్కువగా నవ్వులపాలయ్యేది కేతిగాడే, జుట్టుపోలిగాడే. ఊరిపెద్దకు ఒక చురక తగిలినా ఆయన కూడా నవ్వి ఊరుకునేంతే తగులుతుంది. తెల్లారేసరికి ఎవరి చేనూ తొక్కబడలేదు, ఎవరి పరువూ వీధిన పడలేదు.

తెనాలి రామకృష్ణుడి కథలు కూడా ఈ లెక్కన ఒకసారి చూడండి. విజయనగర రాజులకు రెండో రాజధానిగా ఉన్న పెనుకొండ మన జిల్లాలోదే, కాబట్టి ఆయన మనకూ చుట్టమే. అందరికీ తెలిసిన రెండు కథలు తీసుకుందాం. ఒకదాంట్లో దొంగలు వింటున్నారని తెలిసి, నగల పెట్టె బావిలో వేసినట్టు నమ్మిస్తాడు. దొంగలు రాత్రంతా నీళ్లు తోడుతుంటే ఆయన తోటకు పారించుకుంటాడు. దొంగలకు నిద్ర పోయింది, తోటకు తడి అందింది. మన సీమకు ఇంతకంటే మంచి జోక్ ఉంటుందా? రెండో కథలో రాజు పెంచమని ఇచ్చిన పిల్లికి కాగే పాలు పెడతాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలు చూస్తేనే పారిపోతుంది. సభంతా నవ్వుతుంది. పిల్లి తప్ప.

రెండూ తెలివైన పనులే. రెండో కథ నవ్వుకు ఖర్చు పెట్టుకున్నది మాత్రం నోరులేని జీవి.

ప్రాంక్ వీడియో తీసే ముందు మీరు చూసుకోవాల్సింది కూడా ఇదే ఖర్చు. దీనికి ఎవరి డబ్బు పోతుంది? ఎవరి నీళ్లు, ఎవరి పని, ఎవరి నిద్ర పోతుంది? కెమెరా ఆపాక ఆ మనిషి మనతో కూర్చుని టీ తాగుతూ ఆ వీడియో చూడగలడా? చూడగలిగితే అది చిలిపితనం, పోస్ట్ చేసుకోండి. అతని మొహం చూపించడానికి అతన్ని ఒక మాట అడగండి. చూడలేడు అనిపిస్తే దానికి 'ప్రాంక్' అని పేరు పెట్టినంత మాత్రాన సంగతి మారదు. పేరు మనం పెట్టుకుంటాం, ఖర్చు వాళ్లు కడతారు.

ఇదీ మిస్చిఫ్ కథ. తల అనే మాటలో పుట్టి, విపత్తుగా బతికి, పిల్లల ఆటగా మెత్తబడి, చట్టంలో మాత్రం గట్టిగా నిలబడిన మాట. ఇంగ్లీషులో ఎవరైనా మీ తమ్ముణ్ని 'మిస్చివస్' అంటే సంతోషించండి. పోలీసు స్టేషన్లో 'మిస్చిఫ్' అనే మాట వినబడితే మాత్రం వకీలును పిలవండి.

మీ ఇంట్లో అల్లరికి ఇంకా ఏమేం మాటలున్నాయో అవ్వాతాతలను ఒకసారి అడిగి చూడండి. ఫోన్ పక్కన పెట్టి అడగండి, వాళ్లు చేసిన సేష్టలు కూడా బయటికొస్తాయి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో మాటతో కలుద్దాం. ఉంటాను, నమస్తే.